పెద్దమ్మ కంట్లో పదిమంది మందు

నా ఉద్యోగం మనుషుల్ని ఒకే ప్రశ్న అడగడం. ఎల్బీ నగర్ వైపున్న ఒక కంటి ఆసుపత్రిలో, నల్లగుడ్డు మీద పుండుతో వచ్చేవాళ్లను కూర్చోబెట్టి, "ఇక్కడికి రాకముందు కంట్లో ఏమేం వేసుకున్నారు?" అని అడుగుతాను. కంటికి ముందువైపు అద్దంలా ఉండే పొరను మా ఆసుపత్రిలో కార్నియా అంటారు, జనం నల్లగుడ్డు అంటారు. దానిమీద పుండు పడినవాళ్లు ఏ యాంటీబయాటిక్ చుక్కలు వేసుకున్నారు, ఎవరు చెబితే వేసుకున్నారు, ఎందుకు మానేశారు అన్నది మా పెద్ద డాక్టరుగారి పరిశోధన. అవసరమైన మందు పడకపోవడం, అక్కర్లేని మందు పడటం, సగంలో ఆపేస్తే క్రిములు మొండికెత్తడం, ఇవన్నీ ఆయన దిగుళ్లు. దిగులు ఆయనది, అడిగే నోరు నాది.

జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏం ఏస్కోలె మేడం." అబ్దుల్లాపూర్‌మెట్ అవతల నుంచి కంట్లో వరిపొట్టు పడి వచ్చిన రైతైనా, వెల్డింగ్ పని చేసే ఆయనైనా, కాంటాక్ట్ లెన్సులు తియ్యకుండా నిద్రపోయిన సాఫ్ట్‌వేర్ అమ్మాయైనా అదే మాట. కన్ను చింతనిప్పులా ఉంటుంది, పుండు ముదిరిపోయి ఉంటుంది, చేతి సంచీలోంచి ఏదో మందు సీసా మూత తొంగి చూస్తుంటుంది. అయినా ఏం వేసుకోలేదు. నాకు ఓపిక తక్కువ. "మరి ఇన్నాళ్లూ ఆ కంటికి హారతి ఇచ్చారా?" అని అడిగేస్తాను. పక్క కుర్చీలోని నా తోటి ఉద్యోగి బల్ల కిందనుంచి నా కాలు తొక్కుతుంది. పేషెంటు నవ్వుతాడు గానీ చెప్పడు. వీళ్లు ఎందుకు దాస్తారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మా పెద్దమ్మ కంటికి జబ్బు చేశాకే తెలిసింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి లోపలికి వెళితే, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పాత ఊరి గల్లీ ఒకటుంది. ఆమె ఇల్లు అందులోనే. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు వాళ్ల పొలమే. పొలం ప్లాట్లయింది, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి, పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, రోడ్డు మీద రియల్ ఎస్టేట్ ఆఫీసు పెట్టుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక్క బర్రెను వదల్లేదు. అన్న అమ్మేద్దామన్నప్పుడల్లా, "బర్రె లేని ఇల్లు దవాఖాన లెక్కుంటది" అంటుంది. గల్లీలో కార్లు పెట్టుకోవడానికి చోటు లేక కొట్టుకుంటారు గానీ, ఆ బర్రె జోలికి ఎవరూ రారు. అందరి ఇళ్లలోకీ దాని పాలే వెళతాయి.

నా చిన్నప్పుడు అమ్మకు ఒంట్లో బాగుండక కొన్నేళ్లు నేను ఆ ఇంట్లోనే పెరిగాను. నా జడలు వేసింది పెద్దమ్మ, నా పేలు చూసింది పెద్దమ్మ. లెక్కల సారు నన్ను కొడితే బడికొచ్చి, ఆయన చేతిలో పెరుగు గిన్నె పెట్టి, "జర సూస్కోని కొట్టుండ్రి సారూ, పిల్ల బక్కగున్నది" అని బతిమాలింది. కొట్టొద్దని అనలేకపోయింది. అది ఆమె తీరు.

పెద్దమ్మకు వద్దు అనడం రాదు. ఎవరింటికి పోయినా పోసిన చాయ్ తాగేస్తుంది, ఆమెకు చాయ్ అంటే పడకపోయినా. ఒకే రోజు రెండు ఇళ్లలో ఫంక్షన్ ఉంటే రెండుచోట్లా విస్తరి ముందు కూర్చుని, సాయంత్రం కడుపు పట్టుకుని మూలుగుతుంది. "నువ్వెందుకు తిన్నవ్?" అని వదిన కోప్పడితే, "గంత ప్రేమగ పెడ్తే చెయ్యి నెట్టెయ్యాల్నా?" అంటుంది. ఇచ్చేవాళ్ల చెయ్యి చిన్నబోకూడదు. ఆమెకు తెలిసిన మర్యాద అంతా అంతే.

ఆమె ఎడమకంటి చూపు చిన్నతనంలోనే, చెరుకుగడ తగిలి పోయింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియదు. కుడికన్ను ఒక్కటే ఆమెకు దిక్కు. దాంతోనే పాలు పితికింది, బియ్యంలో రాళ్లు ఏరింది, మా అందరినీ పెంచింది. ఒకపూట గడ్డిమోపు విప్పుతుంటే పోచ ఎగిరి ఆ కుడికంట్లోనే గుచ్చుకుంది. కొంగుతో తుడుచుకుని, నీళ్లతో కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. కన్ను వాచి, వెలుతురు చూడలేక వంటింట్లో నీళ్లకుండ పక్కన తలవంచుకుని కూర్చున్నాక వదిన నాకు ఫోన్ చేసింది.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక కిరాయి ఫ్లాట్. ఆ పొద్దున మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేదాకా నేను ఫోన్‌లో పెద్దమ్మను తిడుతూనే ఉన్నాను. ఆమె అవతల "అవు బిడ్డా, అవు బిడ్డా" అంటూనే ఉంది. నేరుగా మా ఆసుపత్రికి తీసుకుపోయాను. గడ్డం ఆనించి చూసే మిషన్ ముందు ఆమెను కూర్చోబెట్టి డాక్టరుగారు చాలాసేపు చూశారు. నల్లగుడ్డు మీద, అంచుకు దగ్గరగా, పుండు. పైనుంచి సన్నగా గీకి ల్యాబ్‌కు పంపారు. యాంటీబయాటిక్ చుక్కలు రాసి, మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి తప్పకుండా వేయమన్నారు.

"ఇప్పటికి అంచున ఉంది కాబట్టి చూపు దక్కుతుంది. మధ్యలోకి పాకితే మాత్రం కష్టం" అని నాతో విడిగా అన్నారు. "ఆమెకు ఇంకో కన్ను లేదు కదా. నిర్లక్ష్యం చేయకండి." రోజూ వేరేవాళ్ల ఇళ్లవాళ్లకు నేను చెప్పే మాటే అది. నాకు చెబితే, మందుచీటీ రెండుసార్లు చదువుకున్నాను.

అలవాటు కొద్దీ నా కాగితం తీసి పెద్దమ్మను కూడా అడిగాను. "ఇంతకుముందు కంట్లో ఏమన్న ఏస్కున్నవా?"

"ఏం లేదు బిడ్డా. సల్లనీళ్లతోని కడుక్కున్న, గంతే."

అది నిజమే. ఆ రోజుకి నిజం. నిజం చెప్పిన పేషెంటు మా ఇంట్లో ఒకరైనా ఉన్నారని నేను లోపల గర్వపడ్డాను కూడా.

పెద్దమ్మకు బాగాలేదన్న సంగతి గల్లీలో తెలియడానికి ఒక్కపూట చాలింది. పాలకు వచ్చినవాళ్లకు వదిన తలుపు తీయగానే, "పెద్దమ్మ ఏది?" అన్నారు. ఇంక అక్కణ్నుంచి జనమే జనం. మా వైపు ఎవరైనా మంచంలో ఉంటే చూడ్డానికి పోకపోవడం పెద్ద తప్పు. బ్రెడ్డు, యాపిల్స్, కొబ్బరిబొండాలు మోసుకుని రావాలి, మంచం అంచున కూర్చోవాలి, "ఎట్లయింది, ఏమయింది" అని మొదటినుంచీ అడగాలి. పెద్దమ్మ ప్రతి ఒక్కరికీ గడ్డిపోచ కథ కొత్తగా చెప్పేది. నేను సాయంత్రాలు పోయేసరికి గదినిండా పళ్ల వాసన. బ్రెడ్డు ఎక్కువై బర్రెకు పెట్టారు.

చుక్కలు వేసే పని వదినది. ఫోన్‌లో గంటగంటకీ మోగేలా పెట్టుకుని, పొయ్యి మీద కూర మాడినా సరే మంచం దగ్గరికి పరుగెత్తేది. అయినా పుండు తగ్గలేదు. మళ్లీ చూపించడానికి పోయినప్పుడు డాక్టరుగారు మిషన్ వెనకనుంచి తల ఎత్తకుండానే, "పెరిగింది" అన్నారు. ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు చూశారు, రాసిన మందు చూశారు. ఆ క్రిమికి ఆ మందు సరైనదే. "ఈపాటికి లొంగాలి. మందు గంటకోసారి పడుతోందా?" అని అడిగారు.

వదిన తలూపింది. నేను వదిన ముఖంలోకి చూశాను. ఆ చూపులో ఏముందో ఆమెకు తెలిసిపోయింది. ఆటోలో ఇంటికి వస్తూ, "నేనేస్తలేనని అనుకుంటున్నవా?" అంది మెల్లగా. లేదు లేదు అన్నాను గానీ నా గొంతులో బలం లేదు. పెద్దమ్మ మా ఇద్దరి మధ్యా నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని, "దానినేమనకే, పిల్ల సక్కగనే జూస్తున్నది" అంది. ఆ నల్లద్దాలు నేను దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్నవి. సినిమా హీరోలు పెట్టుకునే రకం. ఇంకోరోజైతే ఆమెను చూసి నవ్వేదాన్ని.

ఇదే తీరున పోతే పాత కార్నియా తీసి ఇంకొకరిది అతికించాల్సి వస్తుందని, ఇంత ఎర్రబారిన కంట్లో అది నిలుస్తుందో లేదో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. అన్న ఆ రాత్రి అన్నం తినలేదట. పెద్దమ్మ మాత్రం నన్ను ఒకటే అడిగింది, "మరి బర్రె పాలు పిండొస్తదా?" అని. వస్తుందన్నాను. అబద్ధం చెప్పడం నాకు అంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం అసలు సంగతి బయటపడింది. నేను వెనక అరుగు మీద మజ్జిగ తాగుతున్నాను. వదిన బట్టలు ఆరేస్తోంది. పెద్దమ్మ ఆడబిడ్డ వనస్థలిపురం నుంచి అరటిపళ్లు తీసుకుని వచ్చింది. గడ్డిపోచ కథ విని, చుచ్చుచ్చు అని, హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక చిన్న సీసా బయటికి తీసింది.

"వదినా, నా కంటాపరేషన్ అప్పటి మందు గిది. మస్తు పని జేసింది. నీ కోసమే దాచి తెచ్చిన."

కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. పెద్దమ్మ నల్లద్దాలు తీసింది, తల వెనక్కి వాల్చింది, రెప్పను వేలితో కిందికి లాగి పట్టుకుంది. ఎంత అలవాటుగా చేసిందంటే, ఇది మొదటిసారి కాదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నా చేతిలో మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నేను అరుస్తూ లోపలికి వచ్చేలోపు చుక్క పడనే పడింది.

ఆడబిడ్డను ఎలాగో సాగనంపాక పెద్దమ్మ మంచం పక్కనున్న గూట్లో చెయ్యి పెట్టాను. పసుపు డబ్బా వెనక వరసగా సీసాలు. పొడుగువి, పొట్టివి, లేబులు చిరిగినవి, మూత పోయి దూది కుక్కినవి. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులోని కోస్తావాళ్ల ఆవిడ ఇచ్చింది ఒకటి. మూల ఇంటి రిటైర్డ్ బస్సు డ్రైవర్ ఇచ్చింది ఇంకొకటి. ఇవి నాకు తరవాత తెలిశాయి. ఆ రోజు ఆమె చెప్పలేదు. ఎవరిచ్చారంటే సీసాలన్నీ గబగబా కొంగులో పోసుకుని మూట పట్టుకుంది.

"గాళ్లు పాపం నా కోసం ఎతుక్కొని తెచ్చిండ్రు. ఒక్క చుక్క ఏస్కుంటే ఏం పోతదే? ఒద్దంటే చిన్నబుచ్చుకోరా?"

"మరి వదినె ఏసే మందు?"

పెద్దమ్మ కొంగు మూట ఇంకాస్త బిగించింది. అప్పుడు వదిన గుమ్మం దగ్గర నిలబడి, తడిచేతులు చీరకు తుడుచుకుంటూ, "నేను ఒచ్చినప్పుడల్ల, ఇప్పుడే ఏస్కున్న బిడ్డా, అయిపోయింది అనేది" అంది. "చుట్టాలు ఉంటిరి, వాళ్లే మన మందు ఏసిండ్రనుకున్న."

అదీ జరిగింది. ఎవరో ఒకరు ఏదో ఒక చుక్క వేసి పోయేవాళ్లు. కంట్లో ఏదో పడింది కాబట్టి ఆ గంటకు మందు పడినట్టే అని పెద్దమ్మ లెక్క. కడుపు నిండాక మళ్లీ అన్నం తినం కదా, అలాగ. పగలంతా జనం, కాబట్టి పగలంతా పదిమంది మందు. ఆసుపత్రి సీసా మాత్రం దాదాపు నిండుగానే, మూత బిగించి, చల్లగా ఫ్రిజ్‌లో ఉంది.

"ఎవరెవరిచ్చిండ్రో చెప్పు" అని ఒంటికాలి మీద లేచాను.

"నేన్జెప్ప. రేపు వాళ్ల మొఖం ఎట్ల జూడాలె?"

"గా ఒక్క కన్ను పోతే ఎవరి మొఖం జూస్తవ్ పెద్దమ్మా?"

అనేశాను.   పెద్దమ్మ కొంగు మూట మెల్లగా విప్పి సీసాలు మంచం మీద పెట్టింది. ఒక్కోదాన్నీ తడిమి, చాలాసేపు పట్టుకుని పెట్టింది. వదిన వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నేను వదిన భుజం మీద చెయ్యి వేశాను. అంతకంటే క్షమాపణ మా ఇళ్లలో ఎవరూ అడగరు.

మర్నాడు ఆ సీసాలన్నీ స్టీలు డబ్బాలో పెట్టుకుని డాక్టరుగారి బల్ల మీద ఒంపాను. ఆయన ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చదివారు. రెండు మూడు, తెరిచి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. ఒకటి కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుకు వేసేది. ఆడబిడ్డ తెచ్చింది మాత్రం చూసి ఆయన కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంది. ఆపరేషన్ అయిన కంటికి అది మంచిదే. క్రిమి తింటున్న పుండు మీద పడితే మాత్రం కంటికున్న కాపలాను నిద్రపుచ్చినట్టే. ఎదురింటావిడ ఇచ్చిన సీసాలోనూ అదే మందు.

"ఇంకా మధ్యలోకి పోలేదు. ఇప్పటినుంచి ఒకే మందు, గంటగంటకీ. మరొక చుక్క పడకూడదు" అన్నారు. "చూడ్డానికి వచ్చేవాళ్లను ఆపగలరా?"

ఆపగలనన్నాను. ఎలా ఆపాలో తెలియదు. ఇంటికొచ్చి, గేటుకు తాళం వేద్దామన్నాను. "పాలు ఎవరు కొంటరు?" అన్నాడు అన్న. కాగితం మీద రాసి అంటిద్దామన్నాను. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది, అంత పరువు తక్కువ పని చెయ్యొద్దని. అప్పుడు వదిన, టమాటాలు కోస్తూ తల ఎత్తకుండా, "రావద్దంటే ఆగుతరా? ఒచ్చినోళ్లతోనే మన మందు ఏపిద్దాం" అంది.

నేను వదిన వైపు చూశాను. అంత చదివి, అంత పరిశోధన చేస్తున్న ఆసుపత్రిలో కూర్చుని, ఇంత తేలిక సంగతి నాకు తట్టలేదు. తట్టేది కాదు. ఆ ఇంట్లో వంట చేసేది, వచ్చినవాళ్లకు చాయ్ పెట్టేది నేను కాదు కదా. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, చేతులు శుభ్రంగా ఉంటే, సీసా మూతి కంటికి తగలకుండా ఉంటే అభ్యంతరం లేదన్నారు.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో చూడ్డానికి వచ్చినవాళ్లకు పని పడింది. పళ్లు బల్ల మీద, చెప్పులు బయట, ముందు కుళాయి దగ్గర సబ్బుతో చేతులు. తరువాత ఫ్రిజ్‌లోని సీసా. నేనే దగ్గరుండి అందరికీ నేర్పాను. నా నోటి దురుసుకు ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు గానీ చెయ్యి కడుక్కోకుండా ఎవరూ లోపలికి రాలేదు. ఎవరికి ఏ వేళ వీలో వాళ్లకు ఆ వేళ. ఎదురింటి కోస్తావాళ్ల ఆవిడ పూజ ముగించుకుని వచ్చేది. "పిన్నిగారూ, కాస్త పైకి చూడండి, ఆఁ, అంతేనండి, వేసేశాను" అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పేది. తన సీసా వల్ల ఏం జరిగిందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ చెప్పనివ్వలేదు. రిటైర్డ్ డ్రైవర్ సరిగ్గా తన వేళకు, పాత డ్యూటీకి వచ్చినట్టు గేటు దగ్గర గొంతు సవరించుకునేవాడు. చేతులు కొంచెం వణికేవి. అందుకని సీసా నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, ఆయనతో పాటు మేమూ బిగబట్టేవాళ్లం.

ఆడబిడ్డ అలిగింది. నేను అరిచిన అరుపు వనస్థలిపురం దాకా పోయింది మరి. నాలుగు మాటలు ఫోన్‌లో అనిపించుకుని, వచ్చి ఒకపూట చుక్కలు వేసి పొమ్మని నేనే బతిమాలాను. మరుసటి రోజు మళ్లీ అరటిపళ్లతో దిగింది. ముఖం మాడ్చుకునే చేతులు కడుక్కుంది. చుక్క వేసి, పెద్దమ్మ చెంప మీదికి జారిన తడిని తన కొంగుతో తుడవబోయి, నా వైపు చూసి, ఆగి, దూది అడిగింది. నాకు ఆమె మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

అయినా ఒక భయం ఉండేది. నేను ఆసుపత్రిలో ఉంటాను, వదిన వంటింట్లో ఉంటుంది. ఎవరైనా కొత్తవాళ్లు, దూరపు చుట్టాలు, ఇంకో సీసాతో వస్తే? వచ్చారు. వదిన నాకు ఫోన్ చేసి చెప్పింది. నాగోల్ నుంచి ఎవరో పాత పరిచయం, చెవిలో జోరీగలా ఒకటే పోరట, ఒక్క చుక్క వేసుకో, ఒక్క చుక్క వేసుకో అని. పెద్దమ్మ నల్లద్దాలు తియ్యలేదట. వచ్చినామె చేతిని రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు తెచ్చినవ్, నాకు అందింది. కంట్లకు మాత్రం ఒద్దు చెల్లె" అన్నదట. ఆ మాట వదిన నాకు రెండుసార్లు చెప్పింది. మా పెద్దమ్మ నోటివెంట వద్దు అన్న మాట మేమెవరం అంతకుముందు వినలేదు.

ఈలోగా నేను ఆసుపత్రిలో నా ప్రశ్న మార్చాను. డాక్టరుగారిని అడిగే మార్చాను. "ఏమేం వేసుకున్నారు?" అన్నది తరవాతికి జరిపి, ముందుగా, "కంటికి ఇట్లయిందని మిమ్మల్ని చూడనీకి ఎవరెవరొచ్చిండ్రు?" అని అడగడం మొదలుపెట్టాను. పాత ప్రశ్నకు పైకప్పు చూసేవాళ్లు ఈ ప్రశ్నకు నా ముఖం చూశారు. మలక్‌పేట నుంచి వచ్చిన ఒక ముసలాయన వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. బావమరిది వచ్చాడు, మసీదు దగ్గర కొట్టు ఆయన వచ్చాడు, కోడలి తల్లి వచ్చింది. "వచ్చి ఊకనే పోయిండ్రా?" అన్నాను. "ఊకనెట్ల పోతరు బేటా, మందు దెచ్చిండ్రు" అన్నాడు ఆయన, నేను ఏదో తిక్క ప్రశ్న అడిగినట్టు. అన్ని మందులూ వరసగా చెప్పాడు. దాచాలని ఆయనకు లేదు. అవి ఆయన వేసుకున్న మందులు కావు, వాళ్లు పెట్టిన మర్యాద. ఇన్నేళ్లూ నేను అడిగిన తీరుకు ఆయన తన వాళ్లను నాకు పట్టించాల్సి వచ్చేది. ఎవరు పట్టిస్తారు?

నా కాగితంలో ఎప్పుడూ ఖాళీగా ఉండే ఆ మందుల గడి ఇప్పుడు ఖాళీగా ఉండటం లేదు. డాక్టరుగారు ఆ కాగితాలు తిరగేస్తూ, "ఈ ప్రశ్న మీకు ఎలా తట్టింది?" అని అడిగారు. "మా వదిన టమాటాలు కోస్తుంటే తట్టింది" అన్నాను. ఆయనకు సగమే అర్థమైంది.

పెద్దమ్మ కన్ను తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ముందు నొప్పి తగ్గింది, తరువాత నీళ్లు కారడం ఆగింది, తరువాత ఎరుపు విరిగింది. చుక్కల మధ్య ఎడం పెంచారు. పుండు ఉన్న చోట తెల్లటి మచ్చ మిగిలింది, మా వైపు కంట్లో పువ్వు అంటారు దాన్ని. ఆ పువ్వు ఎంతవరకు చూపుకు అడ్డం వస్తుందో వాపు పూర్తిగా పోయాక గానీ చెప్పలేమన్నారు. ఆమె మాత్రం అడిగినవాళ్లందరికీ, "మంచిగనే కనిపిస్తున్నది" అనేది. నేను నమ్మలేదు. పదిమంది అంత కష్టపడి మందు వేశాక కనిపించడం లేదని అంటే వాళ్ల చెయ్యి చిన్నబోదూ? మర్యాద కోసం ఆమె చూపు కూడా ఉందని చెప్పగలదు. అందుకే ఆఖరు పరీక్ష రోజున నేను సెలవు పెట్టి మరీ ఆమె పక్కన నిలబడ్డాను.

ఆమెకు అక్షరాలు రావు. గోడ మీద మూడు కాళ్ల గుర్తులున్న చార్టు చూపించి, కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమన్నారు. పైన పెద్దవి చూపించింది. కింది వరసల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గాలిలో ఆగిపోయింది.  "కనిపిస్తలేదంటే కనిపిస్తలేదని చెప్పు పెద్దమ్మా, ఎవరూ ఏమనుకోరు" అన్నాను.

ఆమె చార్టు వదిలేసి, ఎడమకంటికి అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండానే, ఆ పువ్వు పూసిన ఒక్క కన్నుతో నా వైపు తిరిగింది. కాసేపు అలాగే చూసింది.

"గదంతా నాకేం తెల్వది గని, నీ కండ్ల కింద గా నలుపేందే? నిద్ర పోతలేవా? మొఖమంత గుంజుకపోయింది."

డాక్టరుగారు రాయడం ఆపేశారు. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆ రోజుల్లో నాకు నిద్రపట్టడం లేదని. అద్దంలో నాకే కనపడలేదు. నేను కుర్చీ పక్కన కింద కూర్చుని ఆమె ఒళ్లో ముఖం పెట్టుకుని ఏడ్చాను. పేషెంట్లు తలుపు సందులోంచి చూస్తున్నా సిగ్గనిపించలేదు. పెద్దమ్మ నా తల నిమురుతూ, మీదినుంచి డాక్టరుగారితో చెబుతోంది, "గీ పిల్ల చిన్నప్పటి సంది గింతే సారూ. నోరే గట్టిగ. జర దీనికి గూడ ఏదన్న మందు రాయుండ్రి."